టీచరమ్మ ఇంటి తలుపు

ఆ వీధిలో పొద్దున్నే ముందుగా వినిపించేది చిత్రిక చప్పుడు. వడ్రంగి కొట్టు మరిదిది, చిత్రిక పట్టేది వదిన. భర్త పోయాక ఆయన పనిముట్లు తనే అందుకుంది. కోసిన చెక్క చివర ఒక్కసారి చూసిందంటే అది ఏ కర్రో చెప్పేసేది. మరిదికి అంత ఓపిక లేదు. రంగు చూసి చెబుతాడు, పైగా గొంతు పెంచి చెబుతాడు.

టీచరమ్మ కొనిచ్చిన టేకుతో వీధి తలుపు చేసి బిగించిన రోజు, ఆ గొంతే వదిన కొంప ముంచింది.

"ఇది టేకా? ఇంత పాలిపోయి ఉంటేనూ. ఇది చవకరకం వేగిస కర్ర. మంచి చెక్క మార్చేశావు కదూ వదినా?"

"అప్పుడే చిత్రిక పట్టిన టేకు అలాగే ఉంటుంది. ఎండ తగిలితే రంగు తిరుగుతుంది. ముందు కోత చివర చూడు. సన్న కంతలు వలయాలుగా లేవూ?"

చూడాలంటే వంగాలి. వంగలేదు మహానుభావుడు. పక్కనే ఉన్న టీచరమ్మ నోరు మెదపలేదు. సాయంత్రానికల్లా వదిన దొంగ అని వీధంతా తేల్చేసింది. కొట్టులో పని పోయింది. విరిగిన స్టూలు బాగుచెయ్యడానికి కూడా ఎవరూ పిలవలేదు. తలుపు రంగు తిరిగితే, అదంతా పాలిష్ మహిమ అన్నారు. ఇక ఊరు వదలడమొక్కటే మిగిలింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆకు రాలే కాలం వచ్చింది. ఏటా లాగే ఇళ్లలో మంచాలూ కుర్చీలూ తమ తమ చెట్ల ఆకులు రాల్చాయి, జనం విసుక్కుంటూ ఊడ్చుకున్నారు. వేగిస ఆకు అరచేతిలో ఇముడుతుంది. టీచరమ్మ కొత్త తలుపు రాల్చినవి చేటంతేసి టేకాకులు. మెట్లన్నీ కప్పేశాయి.

వదిన ఇంకా ఊరు వదలకముందే మరిది ఆమె గదికి వచ్చాడు. "జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి పనిలోకి రా వదినా." క్షమించమన్న మాట మాత్రం నోట రాలేదు. వెనకే టీచరమ్మ, కిటికీలు కూడా నువ్వే చెయ్యాలమ్మా అంటూ.

వదిన ఇద్దర్నీ గుమ్మంలోనే ఆపింది. "దొంగ అన్నది వీధిలో. కాదన్న మాటా వీధిలోనే అనాలి. ఇతనికి నోరు రాకపోతే, ఆ రోజు విని ఊరుకున్న మీరు అనండి టీచరమ్మా."

టీచరమ్మ నడివీధికి వెళ్లి, పాఠం చెప్పే గొంతుతో అంది. "ఈమె దొంగ కాదు. ఆ వలయాలు ఆ రోజే నేను కళ్లారా చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను."

వీధి వింది. వదిన కొలత టేపు తీసుకుని, "కిటికీలు నా సొంతంగా చేస్తాను, పదండి" అంది. మరిది కొట్టు గడప ఆమె మళ్లీ తొక్కలేదు.