బాబు ఆడే గేములు

బట్టలు మడతపెడుతూ ఆమె కంప్యూటర్ పవర్ సప్లై గురించి ఆలోచిస్తోంది. ఐదువందల యాభై వాట్లది తీసుకోవాలా, ఆరువందల యాభైదా? భర్త చొక్కా మడిచేటప్పుడు చిన్నది చాలనిపించింది. అత్తగారి దుప్పటికి నాలుగో మడత వేసేసరికి మనసు పెద్దదాని మీదికి పోయింది. రెండింటికీ తేడా పన్నెండు వందలు. ఆ పన్నెండు వందలు ఇంకెక్కడో కోయాలి. ర్యామ్‌లో కోస్తే ఆట ఆగి ఆగి నడుస్తుందట. డబ్బాలో కోస్తే లోపల గాలి ఆడక ఉడికిపోతుందట. మూడు వారాలుగా ఇదే వరస. గిన్నెలు తోముతున్నా, రోడ్డు దాటుతున్నా, ఒకచోట తీసి ఇంకోచోట పెట్టడమే. రాత్రి వేసిన లిస్టు పొద్దున్నకి నచ్చదు. పొద్దున కొట్టేసింది మధ్యాహ్నానికి మళ్ళీ ముద్దొస్తుంది.

"ఇంకా ఎంతసేపు? నువ్వు రాకపోతే టైలర్లు మిషన్ల మీద మోచేతులు ఆనించుకుని కబుర్లు చెప్పుకుంటారు" అన్నాడు భర్త గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

"మీరుంటారుగా."

"నేను కౌంటర్లో ఉంటాను కదే" అన్నాడు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

వాళ్ళది కర్టెన్ల షాపు. కౌంటర్లో ఉండటమంటే కుర్చీలో కూర్చుని గల్లాపెట్టె తెరవడం, మూయడం. మిగతాదంతా కౌంటర్ బయట ఉంటుంది. ఇళ్ళకు వెళ్ళి స్టూలెక్కి కిటికీలు కొలవడం, తానులు విప్పి కత్తిరించడం, టైలర్ల వెంటపడటం, కుచ్చులు సరిగ్గా పడలేదని వచ్చినవాళ్ళ చేత చీవాట్లు తినడం. పంతొమ్మిదేళ్ళుగా ఆ మిగతాదంతా ఆమే. మరి ఆమెకు జీతం ఎంతిస్తున్నావని ఒకసారి పన్నుల గుమాస్తా అడిగితే భర్త పగలబడి నవ్వాడు. "జీతమేంటి సార్, షాపే ఆవిడది!" ఆ మాటను ఆమె చాలాసార్లు అటూ ఇటూ తిప్పి చూసింది. షాపు తనదే అయినప్పుడు గల్లాపెట్టె తాళంచెవి ఆయన మొలకు ఎందుకు వేలాడుతోందో అర్థం కాలేదు. తనదంటూ ఉన్నది ఒకటే. కత్తిరించగా మిగిలిన ముక్కలతో దిండు గలీబులు కుట్టి అమ్ముకోవడం. చెత్తలో పోయేవి కాబట్టి ఆ డబ్బు గురించి ఎవరూ అడగలేదు. మూడేళ్ళలో అది అరవై ఐదు వేలయింది.

ఆ డబ్బుతో ఏం చేయాలో ఆమెకు తెలియదు, కొలతలకు వెళ్ళిన ఒక ఇంట్లో ఆ ఆట చూసేదాకా. కాలేజీ పిల్ల గది. ఈమె స్టూలెక్కి టేపు పట్టుకుంటే కింద ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్ తెరలో ఒక లోయ దాటుతోంది. మంచు, రాళ్ళు, మోకాళ్ళ ఎత్తు గడ్డి, దూరంగా ఒక నది. టేపు అలాగే పట్టుకుని ఈమె చూస్తూ ఉండిపోయింది. "ఆంటీ, ఒకసారి ఆడతారా?" అంది ఆ పిల్ల. "నాకేం వస్తుందమ్మా" అంటూనే దిగి కూర్చుంది. మొదటి రెండు నిమిషాలు గోడలకు గుద్దుకుంది. తర్వాత నడక చేతికొచ్చింది. ఎటు వెళ్ళాలని అడిగితే, "ఎటైనా ఆంటీ, మీ ఇష్టం" అంది ఆ పిల్ల. ఎటైనా! ఆమె నదివైపు నడిచింది. దారిలో ఎవరూ పిలవలేదు. మధ్యలో ఒక కొండ ఎక్కుతుంటే ఎవరూ కాఫీ అడగలేదు. పావుగంట తర్వాత షాపు నుంచి ఫోన్ మోగింది, "ఒక కిటికీకి ఇంతసేపా?" అని. ఆరోజు రాసుకొచ్చిన కొలత రెండంగుళాలు తప్పు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. అప్పటినుంచి ఆమెకు స్థిమితం లేదు.

కంప్యూటర్ విడిభాగాల షాపు బజారు చివర మేడమీద ఉంది. యజమాని సన్నగా, గంభీరంగా ఉంటాడు. మొదటిరోజే, "బాబు కోసమా మేడమ్? ఏ గేములు ఆడతాడు?" అని అడిగాడు. ఆమెకు కొడుకు లేడు. ఉన్నది ఒక్క కూతురు, అది పరీక్షల పుస్తకంలోంచి తలెత్తదు. అయినా నోరు తనంతట తనే పనిచేసింది. "కొండలూ అడవులూ ఉన్నవి ఆడతాడండీ. యుద్ధాలు పడవు వాడికి." అతను మెచ్చుకోలుగా తలూపాడు. "నెమ్మదస్తుడన్నమాట." "బంగారం" అంది ఆమె.

ఆ బంగారం పేరు చెప్పి నాలుగుసార్లు వెళ్ళింది. అతను చెప్పిందంతా తన భాషలోకి మార్చుకుంది. పవర్ సప్లై అంటే కర్టెన్ రాడ్డు. గుడ్డ ఎంత ఖరీదుదైనా రాడ్డు నాసిరకమైతే గోడ పెచ్చుతో సహా ఊడి కింద పడుతుంది, కాబట్టి అక్కడ కక్కుర్తి పడకూడదు. రంగుల దీపాలున్న గాజు డబ్బా అంటే అంచుకు కుట్టే జరీ, అక్కర్లేదు. ప్రాసెసర్లలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో తెరకు బొమ్మ పంపే భాగం ఉంటుంది, రెండోదానిలో ఉండదు. ఎలాగూ బొమ్మ పంపడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటున్నప్పుడు ఆ భాగానికి మళ్ళీ డబ్బు పోయడం దేనికి? లేనిదే తీసుకుంది. అలా మిగిలిన పదిహేను వందల్లోంచే పెద్ద పవర్ సప్లైకి కావలసిన పన్నెండు వందలూ వచ్చేశాయి. అన్నిటికన్నా ఖరీదు కార్డే, ఇరవై రెండు వేలు. దాన్ని మాత్రం ఏ లిస్టులోనూ ముట్టుకోలేదు. "మేడమ్, మీరు కొనేవాళ్ళలా లేరు, అమ్మేవాళ్ళలా ఉన్నారు" అన్నాడు అతను బేరం ముగిశాక, చెమట తుడుచుకుంటూ.

ఇంట్లో ఒప్పించడానికి ఇంకో బేరం పెట్టింది. అదీ నాలుక చివరే ఉంది.

"కంప్యూటరా? ఎందుకు?" అన్నాడు భర్త.

"ఎన్నాళ్ళని బిల్లులు చేత్తో రాస్తాం? స్టాకు కూడా అందులో పెట్టుకోవచ్చు. డబ్బు నాదేలెండి."

"అలాగైతే సరే" అన్నాడు. చివరి మాట ఎక్కువ నచ్చింది ఆయనకు.

సరుకు వచ్చిన రోజున ఆమెకు ఒక క్లినిక్‌లో పదహారు కిటికీలు కొలిచే పని పడింది. "డబ్బులిటు ఇవ్వు, నేను పట్టుకొస్తాను" అన్నాడు భర్త. ఇచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో బల్ల మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. చేతులు కూడా కడుక్కోకుండా లెక్కపెట్టింది. ఏడుండాలి, ఆరే ఉన్నాయి.

"కార్డేదండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. "అక్కడే ఉంది మజా. ఆ కార్డు దేనికయ్యా అని అడిగాను. గేములకి సార్ అన్నాడు. మనం ఆడేదేముంది? వెనక్కిచ్చేశాను. ఇరవై రెండు వేలు మిగిలాయి! దారిలోనే గుడ్డల హోల్‌సేల్ వాడికి అడ్వాన్సు కట్టేశాను, లేత నీలం తానులకి. నువ్వు నాలుగుసార్లు తిరిగావు, ఈ సంగతి కనుక్కోలేకపోయావు చూడు."

"మగవాడు వెళ్తే లెక్కే వేరు" అంది అత్తగారు సోఫాలోంచి.

ఆమె ఆరు పెట్టెలనూ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. కోపం రాలేదు. వచ్చింది సిగ్గు. బిల్లుల కోసమని చెప్పి అమ్మింది ఎవరు? తనే. ఆయన బిల్లులకు సరిపడా కొనుక్కొచ్చాడు. లేని గుణం చెప్పి సరుకు అంటగడితే, కొన్నవాడు ఆ గుణాన్నే వాడుకుంటాడు. వ్యాపారంలో మొదటి రోజే నేర్చుకున్న సంగతి, ఇంట్లో మర్చిపోయింది. కాదు, ఇంట్లో ఎప్పుడూ అలాగే అమ్ముకొచ్చింది. ఒంట్లో బాగాలేక పడుకుంటే రేపటి పనికి ఓపిక రావాలని చెప్పేది. స్నేహితురాలి ఇంటికి వెళ్తే దారిలో బటన్ల కొట్టు ఉందని చెప్పేది. ఊరికే కిటికీ దగ్గర నిలబడినా, బట్టలు ఆరాయో లేదో చూస్తున్నానని చెప్పేది. తనకోసం అన్న మాటకు ఈ ఇంట్లో గిరాకీ లేదని, ప్రతిదానికీ ఇంకెవరి లాభమో లేబుల్ కుట్టి పెట్టింది. ఇన్నేళ్ళుగా కుట్టీ కుట్టీ, లేబుల్ లేకుండా తనకేం కావాలో అడిగితే గుర్తొస్తుందో రాదో కూడా తెలియడం లేదు.

మర్నాడు షాపుకు సెలవు. కార్డు లేకుండా పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడే చెబితే వాదన, పెట్టి చూపిస్తే సరుకే మాట్లాడుతుంది. పొద్దున పది గంటలకు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంది. ప్రాసెసర్‌ను గడిలో దించింది, ర్యామ్‌ను క్లిక్కుమనేదాకా నొక్కింది, వైర్లను కుచ్చుల్లా సర్ది కట్టింది. భర్త రెండుసార్లు వచ్చి, "జాగ్రత్త, విరుగుతుంది" అనేసి వెళ్ళాడు. షాపులో ఒకప్పుడు సీసీ కెమెరాకి వాడి పక్కన పడేసిన పాత మానిటర్ తెరను తగిలించి, స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. లోపల చిన్న దీపం వెలిగింది. తెర నల్లగా అలాగే ఉంది.

"అనుకున్నాను. చెడగొట్టావు" అన్నాడు భర్త. ఫోన్ స్పీకర్లో పెట్టి విడిభాగాల షాపు యజమానికి చేశాడు. "ఏమయ్యా, ఏం సరుకిచ్చావు? బొమ్మే రావడం లేదు!"

"ఎలా వస్తుంది సార్? మేడమ్ తీసుకున్న ప్రాసెసర్‌లో బొమ్మ పంపే భాగం ఉండదు. మేడమ్‌కి తెలుసు, అన్నీ లెక్క చూసుకునే పెట్టారు. కార్డు లేకపోతే నడవదు సార్ అంటూనే ఉన్నాను, మీరు మెట్లు దిగిపోయారు. అయినా మీ బాబు ఆడే గేములకి ఆ కార్డు తప్పదు."

"ఏ బాబు?"

"మీ బాబే సార్. కొండలూ అడవులూ ఆడతాడట కదా. నెమ్మదస్తుడు."

భర్త ఫోన్ చూసి, ఆమెను చూసి, కూతురి గదివైపు చూశాడు. "ఎవరి బాబే?" అంది అత్తగారు లేచి కూర్చుంటూ. కూతురు పుస్తకంతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"బాబెవరూ లేరు. ఆడేది నేనే" అంది ఆమె.

భర్త నవ్వబోయి, ఎవరూ కలవకపోయేసరికి ఆపుకున్నాడు. "నలభై మూడేళ్ళొచ్చి... సరేలే. బిల్లులకి సరిపడా చిన్న కార్డు ఒకటి తెచ్చి పడేద్దాం. రెండు వేలల్లో వస్తుందేమో కనుక్కుంటాను."

"వద్దు. నా ఇరవై రెండు వేలు ఇవ్వండి."

"అడ్వాన్సు కట్టేశానని చెప్పానుగా."

"అయితే ఆ ఆర్డరు కూడా వెనక్కిచ్చేసి రండి. వెనక్కివ్వడంలో మీ చెయ్యి మంచిది." గుమ్మంలో కూతురు కిసుక్కున నవ్వి పుస్తకం అడ్డం పెట్టుకుంది. "ఇది షాపుకి రాదు. మా గదిలో కిటికీ పక్కన ఉంటుంది. బిల్లులు మీరు ఎప్పటిలా చేత్తోనే రాసుకోండి. నేను మీకు చెప్పింది అబద్ధం. అది నా తప్పే."

ఆయన తాళాల గుత్తి తడుముకున్నాడు. అత్తగారు మాత్రం ఆ నల్లటి తెరనే చూస్తోంది. వెక్కిరింపుగా అడగలేదావిడ. నిజంగానే తెలియక, డెబ్బై ఏళ్ళలో ఎవరినీ అడిగే అవసరం పడక, ఇప్పుడు అడుగుతున్నట్టు అడిగింది.

"అది ఆడితే ఏమొస్తుందమ్మాయ్?"

ఆమె నోట్లో సమాధానాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. బుర్రకు పదునండీ. వేళ్ళకు చురుకుదనమండీ. రేపు మీ మనవరాలికి కూడా పనికొస్తుందండీ. ఏది తీసిచ్చినా ఆవిడ కొనేసేదే. ఆమె స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది.

"ఏమీ రాదత్తయ్యా. మీకు రాదు, ఆయనకి రాదు, షాపుకి రాదు. అందుకే నాకు కావాలి."