వరండా కడిగే వేళ

జూబ్లీహిల్స్‌లో మంజులత ఇంట్లో షూటింగు పెట్టుకోవాలంటే రెండు సంగతులు తెలిసుండాలి. ఒకటి, పూజగది తలుపు తెరవరు. రెండోది, సాయంత్రం నాలుగైందంటే పనివాడు హనుమంతు బకెట్టూ చీపురూ పట్టుకొచ్చి వరండా కడగడం మొదలెడతాడు. ఎదురుగా కెమెరా తిరుగుతోందా, హీరోయిన్ ఏడుస్తోందా, అతనికి అనవసరం. "జర కాళ్లు లేపుండ్రి" అంటాడు, నీళ్లు కుమ్మరిస్తాడు. ఓసారి ఓ పెద్ద హీరోగారి పట్టుపంచె మోకాళ్లదాకా తడిసిపోతే ఫిల్మ్ నగర్ అంతా వారం రోజులు నవ్వుకుంది. అయినా ఆ ఇంటికోసం ఎగబడేవాళ్లు ఎగబడుతూనే ఉన్నారు. ఆ వెడల్పాటి వరండా, వంపు తిరిగిన మెట్లు, వరండా పొడుగునా పరుచుకునే ఎండ ఇంకెక్కడ దొరుకుతాయి?

నాలుగింటికే ఎందుకమ్మా ఈ పట్టుదల అని అడిగితే, "మా అమ్మాయి స్కూలు నుంచి వస్తుందండీ" అనేది మంజులత. అది నిజమే. కాని సగం నిజం.

మిగతా సగం పేరు చలపతిరావు.

ఫిల్మ్ నగర్‌లో ఓ పెద్ద నిర్మాణ సంస్థకి ఆయన జనరల్ మేనేజరుగా ఉన్న రోజుల్లో మంజులత ఆయనకి సెక్రటరీ. హీరోల డేట్లు, అగ్రిమెంట్లు, రైలు టిక్కెట్లు అన్నీ ఆవిడ చేతిమీదుగానే నడిచేవి. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు. భర్త బ్యాంకు ఉద్యోగి, అప్పటికి అనంతపురం బదిలీ అయి వెళ్లాడు. ఇంట్లో చిన్నపిల్లైన కూతురు స్రవంతినీ వంటనీ చూసుకునేది మంజులత తల్లి జగదాంబే. ఈ రాళ్లగుట్టల్లో ఎవడుంటాడయ్యా అని అందరూ నవ్వుతున్న కాలంలో మంజులత తండ్రి పంతం పట్టి కట్టుకున్న ఇల్లది.

ఎనభై ఎనిమిదిలో, వానాకాలంలో, జగదాంబకి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు మంజులత సెలవడిగితే చలపతిరావు ఒప్పుకోలేదు. హీరోగారి అగ్రిమెంటు టైపు కావాలి, అది అవగానే పంపించేస్తానన్నాడు. ఏం చేస్తుంది? పళ్లబిగువున కూర్చుని టైపు కొట్టింది. ఇంకా రెండు కాగితాలు మిగిలి ఉండగా ఆయన గదిలో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. పెద్దావిడ కూతుర్ని కలవరిస్తోంది, వెంటనే పంపమన్నారు. ఆయన సరేనన్నాడు. ఫోను పెట్టేశాడు. పక్కగదిలో ఉన్న మనిషితో ఒక్కమాట చెప్పలేదు! ఆ రెండు కాగితాలూ టైపు అయి, ఆయన తీరిగ్గా తప్పులు చూసి, కాఫీ తాగి, సంతకం పెట్టాక, "అన్నట్టు, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందమ్మా, వెళ్లిరండి" అన్నాడు.

ఆవిడ వెళ్లేసరికి తల్లి ముఖం మీదికి దుప్పటి లాగేశారు. ఇప్పటిదాకా తలుపుకేసే చూశారండీ అని నర్సు చెప్పింది. ఆ మాట మంజులత ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు.

పన్నెండో రోజు అయ్యాక నేరుగా ఆయన గదిలోకి వెళ్లి అడిగింది. ఆయన కాస్త ఇబ్బందిపడితే బాగుండేది. కనీసం తలొంచుకున్నా సరిపోయేది. అబ్బే! "రెండు కాగితాలే కదమ్మా మిగిలాయి? ఎవరింట్లో ఏం జరిగినా సినిమా ఆగదు. మీకు ఇల్లే ముఖ్యమనుకుంటే ఇంట్లోనే కూర్చోండి" అన్నాడు. ఏం మనిషండీ! అన్నం తినే నోటితో అనాల్సిన మాటేనా అది?

మంజులత ఇంట్లోనే కూర్చుంది. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఓ రోజు గేటు బయట ఆగిన కుర్ర డైరెక్టరు ఒకడు, ఒక్కపూట ఈ మెట్లమీద సీను తీసుకుంటామండీ అని బతిమాలాడు. పిల్ల బడికెళ్లాక మొదలుపెట్టి, వచ్చేలోగా ముగించాలంది. అదే వ్యాపారమైంది. ఆదివారాలు లేవు, రాత్రిళ్లు లేవు, స్రవంతి పరీక్షలప్పుడు అసలే లేవు. పక్కనున్న మూడిళ్లవాళ్లు కూడా తమ ఇళ్ల బాధ్యత ఆవిడకే అప్పగించారు. ఒకప్పుడు ఆవిడ గంట ముందు ఇంటికెళ్లాలంటే కసిరిన మేనేజర్లే ఇప్పుడు ఆవిడ గేటు ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు.

తొంభై నాలుగులో చలపతిరావు వచ్చాడు. సొంతంగా నిర్మాత అయ్యాడట. ఉన్నదంతా పెట్టి మొదటి సినిమా తీస్తున్నాడట. మంజులతని చూసి ముఖం విప్పార్చుకుని, "మీరు మన ఆఫీసులో ఉండేవారు కదూ! ఇల్లు చూసుకోవాలని మానేశారు. మంచిపని చేశారమ్మా" అన్నాడు.

అదీ సంగతి. ఆయనకి గుర్తే లేదు.

ఆవిడకి ఒళ్లంతా భగ్గుమంది. గెంటేద్దామా అనుకుంది. ఆగి, లోపలికి రమ్మని కాఫీ ఇచ్చి, ఇల్లు ఇస్తానంది. సగం సినిమా ఈ ఇంట్లో తీశాడంటే ఇక మిగతా సగం ఇక్కడే తియ్యాలి, ఇల్లు మారిస్తే అతకదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఆఖరి రోజుకి హీరో డేట్లు అయిపోతాయనీ, మర్నాడే అతను విదేశాలకి పోతాడనీ కూడా కనుక్కుంది. ఆ రోజు, ఆఖరి షాటు మీద, నాలుగింటికి నీళ్లు పడాలి. ఎవరింట్లో ఏం జరిగినా ఆగదన్న సినిమా ఈ ఇంటికోసం ఆగిపోవడం ఆయనే నిలబడి చూడాలి.

"రేపు రెండు బకెట్లు నింపి పెట్టు హనుమంతూ" అంది ముందురోజు.

"రెండెందుకమ్మా, గా వరండాకు ఒక్కటి చాలదా?"

"చాలదు."

ఆఖరి రోజు హీరో ఆలస్యంగా వచ్చాడు, వచ్చినదగ్గర్నుంచీ చిటపటలాడుతూనే ఉన్నాడు. చలపతిరావు అతని పక్కన గొడుగు పట్టుకున్నంత పని చేస్తూ, వాచీ చూసుకుంటూ, చెమటలు కక్కుతున్నాడు. మంజులత కిటికీలోంచి చూస్తోంది. ఎంత హాయిగా ఉందో ఆవిడకే తెలుసు.

మూడున్నర ప్రాంతంలో హాల్లో ఫోను మోగింది. చలపతిరావు భార్య. ఏడుస్తోంది. "మా అత్తయ్యగారిని ఆసుపత్రిలో చేర్చామండీ. ఈయన్నే కలవరిస్తున్నారు. డాక్టరు వెంటనే రమ్మంటున్నారు, కాస్త చెప్పరా?"

రిసీవరు పెట్టేసి మంజులత అక్కడే నిలబడిపోయింది. భగవంతుడు ఇంత సరిగ్గా తూచి ఇస్తాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకుంటే చాలు. కాని తలుపుకేసి చూస్తూ పడుకున్న ఓ ముసలావిడ కళ్లముందు ఆడింది. ఛీ, నేనూ వాడిలాంటిదాన్నేనా? అనుకుంది. గబగబా వరండాలోకి వెళ్లి, విన్నది విన్నట్టు చెప్పింది.

చలపతిరావు ముఖం పాలిపోయింది. కారు తాళాల కోసం జేబు తడుముకున్నాడు. అంతలో హీరోకేసి చూశాడు.

"నేను కదిలితే ఆయనా కదిలిపోతాడండీ" అన్నాడు గొంతు తగ్గించి. "అమ్మకి ఇలా ఇదివరకూ చేసింది, మళ్లీ తేరుకుంది. రెండు షాట్లే కదా మిగిలాయి."

అప్పటి మాటే మళ్లీ ఆ నోటినుంచే వచ్చింది. మంజులత అడక్కుండానే వచ్చింది.

నాలుగైంది. హనుమంతు రెండు బకెట్లూ మోసుకొచ్చాడు. చలపతిరావు పరుగున వచ్చి ఆవిడ ముందు చేతులు జోడించాడు.

"మంజులతగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, కొంచెంసేపు ఆగమనండి. మీరు కాదంటే ఇక చేసేదేముంది, పేకప్ చెప్పేసి అమ్మ దగ్గరికి పోవడమే."

ఆవిడ ఆయనకేసి చూసింది. కాదంటే చాలు. ఆ ఒక్కమాట ఆ మనిషిని తల్లి దగ్గరికి చేరుస్తుంది. ఇన్నాళ్లూ మనసులో నూరుకున్న మాటే అది, కాదు, ఆపండి, అవతలికి పొండి అని. ఇప్పుడది ఆయనకి వరమైపోయింది.

"అయ్యో, దాందేముందండీ" అంది మంజులత. "నిదానంగా తీసుకోండి. ఎంతసేపైనా ఫరవాలేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ మేలు మర్చిపోలేనమ్మా అంటూ కెమెరా దగ్గరికి పరిగెత్తాడు.

"గిదేందమ్మా" అన్నాడు హనుమంతు నమ్మలేక. "ఎన్నడన్న గిట్ల చేసినవా? ఆ పెద్దమనిషి తల్లి దవాఖానల ఉన్నదంట గదా. బంద్ చేస్తె పోతడు గదమ్మా!"

"బకెట్లు కింద పెట్టు" అంది.

స్రవంతి స్కూలు నుంచి వచ్చి, లైట్లు వెలుగుతూ ఉండటం చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. ఇవాళ అవలేదా అమ్మా అని అడిగింది. ఇవాళొక్క రోజే, నువ్వు లోపలికి పద అంది మంజులత.

మొదటి షాటు అయింది. రెండోదానికి హీరో మూడుసార్లు డైలాగు తప్పాడు. ఎండ మెట్లు దిగిపోయాక ఎట్టకేలకు ఓకే అన్నారు. అందరూ చప్పట్లు కొడుతుండగానే లోపల ఫోను మోగింది. మంజులత విని, వచ్చి, ఈసారి కూడా విన్నది విన్నట్టు చెప్పింది.

చలపతిరావు మెట్టుమీద కూలబడ్డాడు.

"మీరేం చెయ్యగలరమ్మా, ఫోను రాగానే చెప్పారు" అన్నాడు.

"చెప్పానండీ. మా అమ్మ పోయినరోజు మీరు చెప్పలేదు. ఫోను పెట్టేసి, నాచేత రెండు కాగితాలు టైపు చేయించారు."

ఆయన తలెత్తాడు. ముందు అర్థం కాలేదు. తరవాత గుర్తొచ్చింది. గుర్తురావడం ఆవిడ కళ్లారా చూసింది. ఆయన చూపు ఆవిడ మీదనుంచి, గోడవారగా నిండుగా ఉన్న బకెట్ల మీదికి వెళ్లింది.

"మీరు నాలుగింటికి ఆపేసుంటే నేను వెళ్లేవాణ్ణి" అన్నాడు మెల్లగా.

"అవునండీ" అంది మంజులత. "నాకు తెలుసు."

ఎవరో ఆయన్ని పట్టుకుని కారెక్కించారు. వ్యాన్లు వెళ్లిపోయాయి. మంజులత వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి, ఇక కడుగు హనుమంతూ అంది. అతను బకెట్టు ఎత్తి కుమ్మరించాడు. నీళ్లు సాగివచ్చి ఆవిడ పాదాలు తడిపాయి, చీర అంచు తడిసింది. హనుమంతు తలెత్తలేదు. కాళ్లు లేపమని అనలేదు. ఆవిడ చుట్టూ కడుక్కుంటూ పోయాడు.