అరచేయంతే దాని సైజు

మా నర్సరీలో ఒక చిన్న మొక్క ఉంది. దాని అసలు పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది కాబట్టి కొనేవాళ్ళంతా రాతి గులాబీ అంటారు. ఆకులు దళసరిగా, నీళ్ళు నింపుకుని, గులాబీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వెలుతురు తగిలే కిటికీలో పెట్టి పదిరోజులకోసారి నీళ్ళు పోస్తే చాలు, దాని మానాన అది బతుకుతుంది. ఏడాదికి అంగుళం కూడా పెరగదు. అయిదేళ్ళకి అరచేయంత అవుతుంది. అక్కడితో ఆగుతుంది. ఇక మీరు ఎరువు వేసినా, బతిమాలినా, మీ ఓపిక.

ఈ సంగతే నేను ఇరవై రెండేళ్ళుగా ప్లాస్టిక్ చీటీల మీద రాసి కుండీల్లో గుచ్చుతున్నాను. కొందరు చదివి పెదవి విరిచి వెళ్ళిపోతారు. పోనీండి. మిగిలినవాళ్ళు తెలిసి కొంటారు. ఆరునెలల తర్వాత వచ్చి, "ఇదేమిటండీ, అలాగే ఉంది" అని నా మీద పడరు.

నర్సరీ అమ్మ పెట్టింది. ఆవిడ పోయాక పత్రాలన్నీ తమ్ముడి పేరు మీదికి వెళ్ళాయి. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. ఆ రోజు చేతులనిండా మట్టి, మనసంతా అప్పుడే దిగిన కుండీల మీద. తప్పు నాదే. వాడు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే వాడికి అన్నీ తొందరే. పుట్టడం కూడా ఎనిమిదో నెలలోనే పుట్టాడు.

రెండు నెలల కిందట వాడు అచ్చు వేయించిన చీటీల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "వేగంగా పెరుగుతుంది. ఏడాదిలో అడుగు ఎత్తు" అని రంగురంగుల అక్షరాలు.

"ఏ మొక్కకిరా ఇవి?" అన్నాను.

"రాతి గులాబీకి."

"అది అడుగు ఎత్తు ఎప్పుడు పెరిగింది?"

"పెరుగుతుందంటేనే కొంటారక్కా. నువ్వు రాసిన చీటీ చదివితే జాలేస్తుంది గానీ కొనబుద్ధి కాదు. ఎదుగూ బొదుగూ లేనిదాన్ని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. చుట్టాలు నా గురించి చెప్పుకునేది కూడా అదే. ఇన్నేళ్ళూ ఒకే షెడ్డు, ఒకే బల్ల, అవే మొక్కలు, దీనికి ఎదుగూ బొదుగూ లేదు అని. అలా అన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఒక మొక్కని అయిదేళ్ళు బతికించిన పాపాన పోలేదు.

"నేను గుచ్చను," అన్నాను.

"సరే, నేనే పెంచి చూపిస్తా," అని వాడు నలభై కుండీలు తీసుకెళ్ళి వెనక సామాన్ల గదిలో పెట్టాడు. ఆ గదికి కిటికీ లేదు. రోజు విడిచి రోజు నీళ్ళు పోశాడు. వద్దురా అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నెలన్నర తర్వాత కుండీలు బయటికి తెచ్చాడు. పన్నెండు కుళ్ళిపోయాయి, వాటి ఊసెత్తలేదు. మిగిలిన ఇరవై ఎనిమిదీ నా ముందు వరసగా పెట్టి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏడాదికి అంగుళం అన్నావు. చూడు, నెలన్నరకే మూడంగుళాలు."

"ఇది పెరగడం కాదురా, సాగడం. వెలుతురు ఎక్కడుందా అని మెడ చాచి వెతుక్కుంది. కాండం చూడు, ఎంత సన్నమో. ఆకుకీ ఆకుకీ మధ్య వేలు దూరిపోతోంది. రంగు కూడా పోయింది."

"కొనేవాళ్ళకి ఆ తేడా తెలియదు."

"నాకు తెలుసుగా."

వాడు వరసలో ముందున్న కుండీని సర్దాడు. "రేపు ఒక కంపెనీ మేడమ్ వీటిని నమూనాగా చూడడానికి వస్తోంది. వాళ్ళ ఆఫీసులో మూడొందల బల్లలకి మూడొందల మొక్కలు. ఆవిడ ముందు నోరు విప్పావంటే, ఆ మర్నాటి నుంచి నువ్విక్కడికి రానక్కర్లేదు. ఇంట్లో కూర్చో." నవ్వుతూ అనలేదు.

నిజం చెప్పాలంటే భయం వేసింది. నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఈ పని తప్ప ఇంకోటి రాదు. పొద్దున్నే లేచి ఇక్కడికి కాకపోతే ఎక్కడికి వెళ్ళాలో కూడా తెలియదు. రేపు నోరు మూసుకుంటే సరిపోతుందని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ ఇంటికి నడిచాను.

మర్నాడు పదిగంటలకి మేడమ్ వచ్చింది. సాగిన మొక్కల్ని చూసి ముచ్చటపడింది. "బల్లకీ బల్లకీ మధ్య పచ్చటి తెరలా రావాలి. ఏడాదికి ఎంత పెరుగుతాయి?"

"అడుగు పైమాటే మేడమ్," అన్నాడు తమ్ముడు.

"పెరగవండీ," అన్నాను.

రాత్రంతా నచ్చజెప్పుకున్నది ఏమైపోయిందో నాకే తెలియదు.

"అక్కా, లోపలికి వెళ్ళు."

వెళ్ళలేదు. ఒక కుండీ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అంత మాత్రం కదలికకే దాని తల పక్కకి వాలిపోయింది. "వీటిని చీకట్లో పెట్టి సాగదీశామండీ. రెండు నెలల్లో మీ బల్లల మీద పడిపోతాయి. ఇదిగో, ఇదీ అసలు మొక్క, నాలుగేళ్ళది. ఇంకో ఏడాదికి అరచేయంత అవుతుంది, అంతకు మించదు. మీకు తెర కావాలంటే వేరే జాతి చూపిస్తాను. దీన్ని మాత్రం అడగొద్దు. ఇది తెర అవడానికి పుట్టలేదు."

ఆవిడ కుండీ బల్ల మీద పెట్టి, చేతికంటిన మట్టి దులుపుకుంది. "ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి," అని తమ్ముడితో అని వెళ్ళిపోయింది. ఆవిడ కారు మలుపు తిరిగింది.

"కడుపు నిండిందా?" అన్నాడు వాడు. "రేపటి నుంచి రావద్దు. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు."

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నది కూడా ఆ పెద్దలే."

 వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. చాకు తుడిచి, మొదటి కుండీ దగ్గరికి లాక్కుని, సాగిన కాండాన్ని ఆకుల కింద వేలెడు వదిలి తెగ్గోశాను.

"చంపేస్తున్నావా వాటిని?"

"బతికిస్తున్నాను. ఈ తలలు నాలుగు రోజులు నీడలో ఆరాలి. తర్వాత పొడి మట్టిలో పెట్టాలి. వేళ్ళు రావడానికి నెల. కింద మిగిలిన మోళ్ళకి పిలకలొస్తాయి, వాటినీ చూసుకోవాలి."

"ఆ పని ఎవరైనా చేస్తారు."

"అయితే చెయ్యి," అని చాకు పిడి వాడి వైపు తిప్పి పట్టుకున్నాను.

వాడు చాకు వైపు చూశాడు, మొక్క వైపు చూశాడు. ఎక్కడ కొయ్యాలో వాడికి తెలియదు. అమ్మ నేర్పుతానన్న రోజున వాడికి ఇంకేదో తొందరపని ఉంది. చెయ్యి చాపలేదు. నేను రెండో కుండీ అందుకున్నాను.

"వేళ్ళొచ్చాక వెళ్తావా?" అన్నాడు చివరికి. గొంతు కొంచెం తగ్గింది.

"వెళ్ళను. అరచేయంత అయ్యేదాకా చూడాలిగా."

"దానికెన్నాళ్ళు?"

"అయిదేళ్ళు," అన్నాను. "నువ్వు తొందరపెడితే ఆరు."