వెర్నా పేరు మీద పడ్డ ఆసుపత్రి బాకీ

స్కూలు బస్సు నడిపే వెర్నా హస్కిన్స్‌కు పాత కారు కొనుక్కోవడానికి అప్పు పుట్టలేదు. కార్లమ్మే అతను కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పాడు.

"మీ క్రెడిట్ రిపోర్టులో ఆసుపత్రి బాకీ ఉందమ్మా, పదమూడు వందల డాలర్లు. వసూళ్ల కంపెనీ చేతికి కూడా వెళ్లింది. అది తేలేదాకా బ్యాంకువాళ్లు ఒప్పుకోరు."

"నేను ఆసుపత్రి మెట్లెక్కి ఏళ్లయింది," అంది వెర్నా.

అతను జాలిగా తలూపాడు. ఆ జాలి చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి వసూళ్ల కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి గొంతు తేనెలా ఉంది. గుర్తింపు కోసం సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పమంది, బ్యాంకు కార్డు దగ్గరుంటే ఇప్పుడే కొంత కట్టేస్తే మంచిదంది. ఎవరి బాకీయో తేలకముందే ఈ తొందరేమిటని వెర్నాకు అనుమానమేసింది. "ముందు కాగితాలు పంపండి, తరవాత మాట్లాడదాం" అని పెట్టేసింది. ఫోన్ పెట్టేలోపే, బాకీ పక్క ఊరి ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డుదని, రెండేళ్ల కిందటి అక్టోబరుదని మాత్రం రాబట్టింది.

ఆ అక్టోబరులో చెల్లెలు డెలీన్ ఆ ఊళ్లోనే ఉండేది. ఉద్యోగం లేదు, ఇన్సూరెన్స్ లేదు. మందులు తెచ్చిపెట్టమని వెర్నా ఒకసారి తన ఇన్సూరెన్స్ కార్డు ఆమె చేతికిచ్చింది. తిరిగివ్వడానికి డెలీన్‌కు వారం పట్టింది. అప్పుడు పట్టించుకోని ఆ వారం ఇప్పుడు వెర్నాను నిద్రపోనివ్వలేదు.

ఆదివారం చెల్లెలింటికి వెళ్లింది. డెలీన్ పెనం మీద బంగాళాదుంపలు వేయిస్తోంది.

"డెలీ, రెండేళ్ల కింద నువ్వు ఆసుపత్రికేమైనా వెళ్లావా?"

"ఎందుకూ?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదులే అక్కా. ఏం పోయింది నీది?"

వెర్నా సంగతి చెప్పింది. డెలీన్ పొయ్యి కట్టేసింది.

"అంటే, నీ పేరు చెప్పి వైద్యం చేయించుకున్నానంటావు."

"అనలేదు. అడిగానంతే."

"నీ దగ్గర ఆ రెండూ ఒకటే. ఆ నెల పన్నునొప్పితో నా చెంప బూరెలా వాచింది. డబ్బుల్లేక ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ కూర్చున్నా. నీ కార్డు వాడుకునేంత తెలివే ఉంటే, ఆ పన్ను ఇప్పటికీ నా నోట్లో ఉండేది."

నోరు తెరిచి ఖాళీ చూపించింది. వెర్నా నమ్మాలనుకుంది. కారెక్కాక మళ్లీ ఆ వారమే గుర్తొచ్చింది.

పది రోజులకు కాగితాలు వచ్చాయి. రోగి పేరు వి. హస్కిన్స్. చిరునామా క్వారీ రోడ్డులోని ఇల్లు. నాలుగేళ్ల కింద విడాకులు తీసుకుని వెర్నా వదిలి వచ్చేసిన ఇల్లది. ఇప్పుడక్కడ ఆమె మాజీ భర్త రాయిస్, అతని రెండో భార్య వెల్మా ఉంటున్నారు. విడాకుల తరవాత కూడా వెర్నా అతని ఇంటిపేరే ఉంచుకుంది. ఆ ఇంటిపేరూ, పేరులో మొదటి అక్షరమూ కలిసేసరికి, ఎవరో పాత చిరునామా చూసి వెల్మా బాకీని వెర్నాకు అంటగట్టి ఉంటారు.

లేదా వెల్మాయే కావాలని ఆ పని చేసిందేమో. వెర్నా ఆ ఇంటికే ఫోన్ చేసింది.

"వరండా మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నా," అంది వెల్మా. "ఇన్సూరెన్స్ కట్టేసిందనుకున్నా."

"బిల్లులు రాలేదా?"

"వచ్చినవి వచ్చినట్టే రాయిస్ పొయ్యిలో పడేస్తాడు. నీకు తెలియందేముంది?"

అది వెర్నాకు బాగా తెలుసు. ఫోన్ పెట్టేసింది. క్రెడిట్ రిపోర్టు తయారుచేసే సంస్థకు తన పుట్టిన తేదీ, విడాకుల కాగితం జతచేసి ఫిర్యాదు పంపింది. నెల తిరగకుండానే ఆ బాకీ తీసేశారు. అప్పు పుట్టింది, కారు ఇంటికొచ్చింది.

డెలీన్ మాత్రం ఫోన్ ఎత్తలేదు. తప్పు తనదేనని వెర్నా మెసేజ్ పెట్టినా జవాబు లేదు. చివరికి ఒక పొద్దున ఆమే ఫోన్ చేసింది. "నా బండి పాడైంది. పనికి దింపుతావా?"

వెర్నా వెళ్లింది. కారులో డెలీన్ సీటు వెనక్కి జరుపుకుని, హీటరు పనిచేస్తోందా అని అడిగింది. పనిచేస్తోందని వెర్నా చెప్పింది. పనిచోటు రాగానే డెలీన్ దిగింది.

"సాయంత్రం ఐదింటికి రా," అని డెలీన్ తలుపేసింది.