కోదండరాం బండి వారంటీ

చెన్నై మాధవరంలో లారీలమ్మే షోరూంలో వారంటీ బల్ల నాది. నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళు చెప్పినన్ని అబద్ధాలు ఏ కోర్టు బోనులోనూ చెప్పి ఉండరు. "బండిని ఎవురూ తాకలా మేడం" అనే అందరూ మొదలుపెడతారు. ఎవరూ తాకకుండానే వేగం మీరకుండా ఆపే స్పీడు గవర్నరు వైరు తెగిపోతుంది. ఎవరూ తాకకుండానే ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాం మారిపోతుంది. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. చింతాద్రిపేటలో పుట్టి పెరిగినదాన్ని, నోరు కాస్త పెద్దదే. "మృణాళినమ్మ దగ్గరికా? అయితే పనైపోయినట్టే" అని మా గేటు దగ్గర సెక్యూరిటీవాడు కస్టమర్లను ముందే బెదరగొడతాడని కూడా నాకు తెలుసు.

అలాంటి నేను హైమవతి బండిని మాత్రం నిజంగానే ఎవరూ తాకలేదని తేలాలని మనసులో వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను.

రెండేళ్ళ కిందట ఆ లారీ డెలివరీ తీసుకోవడానికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. కోదండరాం సొంతంగా తోలుకునే మనిషి. ఎన్నో ఏళ్ళు ఒకరి దగ్గర డ్రైవరుగా చేసి, ఆఖరికి తనదంటూ ఒక బండి కొనుక్కున్నాడు. దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఫొటోలు తీసుకుంటూ అందరూ హడావుడిగా ఉంటే, హైమవతి మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, ముందర బంపరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టుకుంటే వారంటీ పోదు కదా?"

నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆమె నవ్వలేదు. వారంటీ పుస్తకం తెరిపించి, ఏది చేస్తే పోతుందో, ఏది చేస్తే పోదో, ఒక్కో లైనూ తెలుగులో చెప్పించుకుంది. వెనకాల కోదండరాం చేతులు కట్టుకుని నిలబడి, "మా పెండ్లికి గూడా ఇన్ని కండిషన్లు లేవమ్మా" అన్నాడు. ఆ తరువాత ఆ బండికి ఎయిర్ ఫిల్టరు కూడా బయట మార్చనివ్వలేదామె. సర్వీసుకు తెచ్చినప్పుడల్లా అద్దంలా తుడిచి తెచ్చేవారు.

పోయినేడు కోదండరాంకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలిసిస్‌కు తిరుగుతూనే బండి తోలాడు. మణలిలో ఎరువుల మూటలు ఎక్కించుకుని పలమనేరు పోవడం, అక్కడ టమాటాలు ఎక్కించుకుని కోయంబేడు మార్కెట్టుకు రావడం, ఇదే అతని పని. ఈ వేసవి మొదట్లో పోయాడు. అతనితో పాటు లారీ స్టాండులో ఉండే ఆనంద్‌రాజ్ అనే స్నేహితుడు బండెక్కాడు. లోడ్లు మాట్లాడేది హైమవతి, తోలేది ఆనంద్‌రాజ్. అలా కొన్ని నెలలు బాగానే నడిచింది. పోయిన వారం పలమనేరు దారిలో మొగిలి ఘాటు ఎక్కుతూండగా ఇంజను పట్టేసింది. బండిని కట్టి లాక్కొచ్చి మా షెడ్డులో పడేశారు.

వారంటీలో కొత్త ఇంజను వస్తే ఆమె బతుకు నడుస్తుంది. రాకపోతే బండిని ఇనుము ధరకు అమ్ముకోవాలి. పెరంబూరులో అద్దె ఇల్లు, ఆ లారీ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

ఇంజను విప్పి చూసేది ప్రదీప్. గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఇంజనీరుగా చేరిన కుర్రవాడు, మాట నెమ్మది, పని గట్టి. అతను రమ్మన్నాడని ఆవేళ పొద్దున్నే హైమవతి వచ్చింది. వెనకాల నాలుగడుగుల దూరంలో ఆనంద్‌రాజ్. బండి తాళం ఆమె కొంగున ముడివేసి ఉంది. అతని దగ్గర్నుంచి లాక్కున్నట్టుందని చూడగానే అర్థమైంది.

ప్రదీప్ ఒక ట్రేలో పిస్టన్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దాని నెత్తి కాలి, కరిగి, ఒక పక్క విరిగిపోయి ఉంది.

"ఇంజెక్టరు లోపం అయ్యుండచ్చు కదా?" అని నేనే ముందుగా అడిగాను. అది కంపెనీ లోపమైతే మారుమాట లేకుండా ఇంజను వచ్చేస్తుంది.

"అన్నీ టెస్ట్ చేశానండి మేడం గారూ. ఇంజెక్టర్లు బాగున్నాయి, ఆయిల్ బాగుంది, కూలింగ్ బాగుంది. మెయింటెనెన్స్‌కి వంక పెట్టడానికి లేదండి." అతను గొంతు తగ్గించాడు. "కానీ ఇంజను కంప్యూటర్‌లో ప్రోగ్రాం రెండుసార్లు మారిందండి. ఒకసారి పుల్లింగ్ పెంచారు. తరువాత మళ్ళీ పాతది పెట్టేశారు. పాతది పెట్టేస్తే ఏమీ తెలీదనుకుంటారండి అందరూ. ఎన్నిసార్లు మార్చారో, ఎప్పుడు మార్చారో లోపల ఉండిపోతుంది. వైరు పెట్టగానే అదంతా కంపెనీకి కూడా వెళ్ళిపోయింది."

పుల్లింగ్ పెంచడమంటే ఎవడో లాప్‌టాప్‌తో వచ్చి, స్టీరింగు కింద వైరు గుచ్చి, కంపెనీ పెట్టిన లెక్క చెరిపేసి తన లెక్క పెట్టడం. డీజిలు ఎక్కువ పోస్తుంది, టర్బో గాలి ఎక్కువ కొడుతుంది, బండి ఏనుగులా లాగుతుంది. ఆ వేడికి పిస్టన్లు తట్టుకోవు. ఇంజను పనితనం మార్చితే, ఆ మార్పు వల్ల చెడిపోయినదానికి వారంటీ లేదు. ఆ లైను రెండేళ్ళ కిందట హైమవతికి తెలుగులో చదివి వినిపించింది నేనే.

"పుల్లింగ్ ఉన్నప్పుడు కాలి పగులు పట్టిందండి. ఇప్పుడు లోడు మీద విరిగింది" అన్నాడు ప్రదీప్.

హైమవతి పిస్టన్ వంక చూడనైనా లేదు. తిరిగి ఆనంద్‌రాజ్ మొహం మీదికి వెళ్ళింది.

"నువ్వేనా? నోరు తెరిచి చెప్పు. ఆయన కన్నబిడ్డ మాదిరి చూసుకున్న బండిరా అది! ఘాటు మీద రేసు కొట్టేదానికా నీకు తాళం ఇచ్చింది? అన్నా అన్నా అని తిరిగితివే, ఇదేనా నువ్వు చూపించే విశ్వాసం?"

ఆనంద్‌రాజ్ ఆమెను అణ్ణీ అని, వదినను పిలిచినట్టు, తమిళంలో పిలుస్తాడు.

"ఆమా అణ్ణీ. నేనే చేయించినా." తరువాత నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మేడం, తప్పు నాది. ఓనరమ్మకు తెలీనే తెలీదు. యాడ కావాలంటే ఆడ సంతకం పెడతా. కేసు పెట్టుకోండి, లైసెన్సు తీసుకోండి. ఆ పైన అణ్ణికి ఇంజను ఇచ్చేయండి."

నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. డ్రైవరు తప్పు చేస్తే ఓనరుకు నష్టం రాదని లారీవాళ్ళలో ఒక నమ్మకం. నేరం ఒకడు నెత్తిన వేసుకుంటే మిగతావాళ్ళు బయటపడతారని, పోలీసుల దగ్గర చూసిందే ఇక్కడా జరుగుతుందని అనుకుంటారు.

"ఎవురు చేసినారని కాదురా నాయనా కంపెనీ అడిగేది" అన్నాను. "ఓనరు చేసినా, డ్రైవరు చేసినా, దోవన పొయ్యేవాడు చేసినా ఇంజను కాలింది దాని వల్లే కదా. నువ్వు ఒప్పుకున్నంత మాత్రాన వారంటీ తిరిగి రాదు."

అతను జోడించిన చేతులు దించేశాడు. దేని కోసం తన పేరు చెడగొట్టుకున్నాడో అదే దక్కలేదని అప్పటికి అర్థమైంది పాపం.

"సరే, నేను స్టేషనుకు పోతా" అంది హైమవతి. "నా బతుకు నాశనం చేసినవాణ్ణి ఊరికే వదలను." సంచి తీసుకుంది.

అప్పటికే నేను ప్రదీప్ లాప్‌టాప్‌లో తేదీలు చూశాను. చూసి ఊరుకుని ఉంటే ఆమె మనసు మనసులాగే ఉండేది. కానీ ఒక నిరపరాధి నా బల్ల ముందు నుంచి పోలీసు స్టేషనుకు పోతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

"ఆనంద్‌రాజ్, నువ్వు బండెక్కింది ఎప్పుడు?"

"అన్న పోయినాక, మేడం."

"మరి మొదటిసారి ప్రోగ్రాం మారింది పోయినేడు ఆడి నెలలోనే. అప్పుడు నువ్వు వేరే బండి తోలతా ఉండావు. పాతది తిరిగి పెట్టించింది ఆయన పోయినాక. అది నువ్వు చేయించింటావు. మొదటిది నువ్వు కాదు."

హైమవతి చేతిలో సంచి అలాగే ఉంది. "ఆడి నెలా?" అంది. ఆడి అంటే తమిళుల ఆషాఢం. ఆ నెల ఆమెకు ఒకరు గుర్తు చేయనక్కరలేదు. కోదండరాంకి డయాలిసిస్ మొదలుపెట్టింది ఆ నెలలోనే.

"చెప్పు" అంది ఆనంద్‌రాజ్‌తో. ఈసారి గొంతులో అరుపు లేదు.

అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అన్నకు వారంలో మూడు తూర్లు కదా అణ్ణీ ఆస్పత్రి. టైముకు పోకుంటే ఆ బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు. లోడు ఒప్పుకుంటే ఘాటు మీద లేటు, లేటైతే బెడ్డు పోతాది. లోడు వదులుకుంటే ఇల్లు నడవదు. అందుకని పుల్లింగ్ పెట్టించుకున్నాడు. వారంటీ పోతాదన్నా అంటే, నేనుంటేనే కదరా వారంటీ అన్నాడు. ఆఖర్న ఆస్పత్రిలో పండుకోనుండి, పాతది పెట్టించేయి, మీ అణ్ణికి మాత్రం చెప్పద్దు, కంపెనీ బండి కంపెనీ బండి మాదిరే ఉండాదని ఆమె నమ్ముకోనుంది అన్నాడు. పెట్టించేసినా. ఇంగ ఏం తెలీదనుకుంటి."

ప్రదీప్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. హైమవతి కుర్చీలో కూర్చుంది. ట్రేలో ఉన్న పిస్టన్‌ను వేలితో ముట్టుకుంది. వేలికంటిన మసిని తుడుచుకోలేదు.

"బాబూ" అంది ప్రదీప్‌తో. "అది పెట్టించుకుంటే ఎంతసేపు కలిసొచ్చుంటాది?"

"లోడుతో ఘాటు ఎక్కాలి కదండీ... పోనూ రానూ కలిపి అరగంట ఉండొచ్చండి."

"అరగంట." ఆమె తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు తల ఊపింది. "ఆస్పత్రికి పొయ్యే దినాల్లో బండి స్టాండులో పెట్టేసి నేరుగా ఆస్పత్రికి పోవచ్చు కదా మేడం ఆయన? పోయేవాడు కాదు. ఇంటికొచ్చేవాడు. నా ఎదురుగా కూర్చోని అన్నం తినేసి, అప్పుడు పోయేవాడు. ఒక్క దినం గూడా లేటు కాలా. నేను బండికి దండం పెట్టుకునేదాన్ని. మా ఆయన్ని టైముకు తెచ్చి ఇస్తా ఉండావే అని బంపరుకు కుంకం పెట్టేదాన్ని." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నం తినేదానికి అరగంటే కదా పట్టేది."

ఈ బల్ల దగ్గర ఎంతమందో ఏడ్చారు, నాకు మనసు కరగలేదు. ఆవేళ కరిగింది. నా కళ్ళు నేనే తుడుచుకున్నాను, సిగ్గుపడలేదు.

కానీ రాయాల్సింది రాయక తప్పలేదు. ఇంజనుకు వారంటీ వర్తించదని రాశాను. గేరుబాక్సుకు, ఇరుసులకు, వైరింగుకు ఆ మార్పుతో సంబంధం లేదని, వాటికి వారంటీ ఉంటుందని కూడా స్పష్టంగా రాసి సంతకం పెట్టాను. దయతో ఏమైనా సాయం చేయమని కంపెనీకి వేరే ఉత్తరం కూడా పెడతానని, దాని మీద ఆశ పెట్టుకోవద్దని ఉన్నమాట చెప్పేశాను. ఆమె అన్నిటినీ రెండేళ్ళ కిందటిలాగే ఒక్కో లైనూ తెలుగులో చెప్పించుకుని, సంతకం పెట్టింది.

"అమ్మేస్తావా?" అని అడిగాను.

"ఎందుకు అమ్మాల?" అంది వెంటనే. "పుదుపేటలో ఇంజను పని చేసే మేస్త్రీ ఉండాడంట. నగలుండాయి. టైమైనా సరే, చేయించుకుంటా. ఆయన్ని ఇంటికి తెచ్చిన బండి మేడం అది. ఇనుముకు యాడ అమ్మేది?"

మధ్యాహ్నం బండిని లాక్కుపోవడానికి వేరే లారీ వచ్చింది. ముందు కొక్కెం తగిలించి గొలుసు కట్టారు. వెనక లాక్కుపోయే బండిలోనూ స్టీరింగు పట్టుకునే మనిషి కావాలి, ఊరికే వదిలితే వంకర పోతుంది. ఆనంద్‌రాజ్ షెడ్డు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఎవరైనా పిలిస్తే తప్ప రానన్నట్టు.

హైమవతి కొంగు ముడి విప్పి తాళం తీసింది.

"ఆనందూ, ఎక్కు" అంది. "ఇంగెప్పుడూ నా కోసం అబద్ధం చెప్పబాక. నేను నిన్ను అనరాని మాటలన్నా. మనసులో పెట్టుకోబాక."

అతను తాళం రెండు చేతులా అందుకున్నాడు. ఎక్కి కూర్చున్నాడు. ఆమె రెండో వైపు తలుపు తెరిచి తనూ ఎక్కబోయింది. మెట్టు ఎత్తుగా ఉంది, ఎప్పుడూ ఎక్కిన అలవాటు లేదు. మోచేయి పట్టుకుని పైకి ఎక్కించాను. సీట్లో సర్దుకుని కూర్చుని, అద్దంలోంచి ముందుకు చూసింది. ఇంతకాలం కోదండరాం చూసిన రోడ్డు అదే.

బంపరుకు కట్టిన నిమ్మకాయ నల్లగా ఎండి గోలీకాయంత అయిపోయింది. మిరపకాయలు రాలిపోయి దారం మిగిలింది. హైమవతి కిటికీలోంచి తల బయటికి పెట్టి అది చూసింది.

"కొత్తది కట్టాల" అంది. "ఇంగ మిమ్మల్ని అడగాల్సిన పన్లేదు కదా మేడం."

రెండేళ్ళ కిందట నవ్విన నవ్వు నాకు గుర్తొచ్చింది. ముందు బండివాణ్ణి ఆగమని అరిచి, క్యాంటీనుకు పరుగెత్తాను. ఈ ఒంటితో నేను పరుగెత్తడం చూసి సెక్యూరిటీవాడు నోరెళ్ళబెట్టాడు. ఒక నిమ్మకాయ, గుప్పెడు పచ్చిమిరపకాయలు, దారం తెచ్చాను. ఎండినది విప్పేసి, కొత్తది నా చేతులతోనే బంపరుకు కట్టాను. ముడి బిగించి లేచేసరికి చేతులకంతా మిరపకాయ ఘాటు. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను.