కాలువలో పడిన ఎద్దు

నేను కాలువ లస్కర్ను. చండ్రుగొండ అవతల అడవిలో పదకొండు కిలోమీటర్ల కాలువకు కాపలా ఉంటాను. కాంక్రీటుకు గీత పడకుండా చూడాలి. కాలువలో పడి చచ్చే జీవాల సంగతి నా పని కాదట. ఆ మాటన్న ఇంజనీరు వెంకటేశ్వరరావు ఉండేది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. అక్కడ దుప్పులు తిరగవు.

2009 వేసవిలో ట్రయల్ కోసం నీళ్లు వదిలారు. కాలువ తవ్వినప్పుడే వాగును తెంపేశారు కాబట్టి అడవి జీవాలకు ఆ నీళ్లే దిక్కయ్యాయి. రెండు పక్కలా నున్నటి కాంక్రీటు వాలు. దిగిన జీవం మళ్లీ ఎక్కలేదు. నెలలో నాలుగు దుప్పులు చచ్చాయి. కోయగూడెం రామక్క ఎద్దుల్లో ఒకటి పోయింది. మెట్లు కట్టించమని మూడుసార్లు రాశాను. డిజైన్‌లో లేవని జవాబొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

ఓ మధ్యాహ్నం రామక్క రెండో ఎద్దు కూడా పడింది. గూడెం వాళ్లు మోకు వేసి దాని తల మునగకుండా పట్టుకున్నారు. తొలకరి పదిహేను రోజుల్లో ఉంది. ఇదీ పోతే ఆమె చేను బీడే.

ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"కాంక్రీటు లైనింగ్ ముట్టుకోకు. రేపు ఇన్‌స్పెక్షన్ ఉంది. సాయంత్రం కొత్తగూడెం నుంచి క్రేన్ వస్తది" అన్నాడు.

"సాయంత్రం దాంక బతుకుతదా బిడ్డా?" అంది రామక్క.

బతకదు. అప్పటికే ముక్కు వెంట నురగ వస్తోంది. గట్టు మీది పనిముట్ల షెడ్డు తెరిచి రెండు గడ్డపారలు తెచ్చాను. ఒకటి ఆమె లాక్కుంది. అక్కడ కాలువ నేలలోకి లోతుగా తవ్విందే, గట్టు తెగే భయం లేదు. ఆ సంగతి ఇంజనీరుకూ తెలుసు. గంటసేపు కొడితే కాంక్రీటు పెచ్చులు ఊడి ఎర్రమట్టి బయటపడింది. అందులో నీళ్ల దాకా మెట్లు చెక్కాం. ఎద్దు గిట్టలు ఆనాయి. పదిమంది లాగితే వణుకుతూ పైకొచ్చింది. రామక్క దాని మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు.

అప్పుడొచ్చింది ఇంజనీరు జీపు.

"ఎవడు పగలగొట్టిండు?" ఇంజనీరు అరిచాడు.

"నేనే. రామక్క అని రాస్కో."

"నేను కూడా సార్. జకర్యా అని రాయండి" అన్నాను.

"నౌకరీ పోతది. జల్దీ సిమెంటు పెట్టి పూడ్చు."

"పూడ్చను సార్."

రామక్క చెమట తుడుచుకుని గడ్డపార భుజానికెత్తుకుంది. కాలువ వెంట పైకి నడవడం మొదలుపెట్టింది.

"ఎటు పోతున్నవక్కా?" అన్నాను.

"గా మలుపు కాడికి. దుప్పులు దిగేది ఆడనే గదా. నా ఎద్దు ఒక్కటే జీవమా?"

ఇంజనీరు వెనక నుంచి నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. రెండో గడ్డపార పట్టుకుని ఆమె వెంట నడిచాను.