గోడకు వేసిన కాగితం

పెద్ద వరద పోయిన పందొమ్మిదో ఏట జరిగిన సంగతి ఇది. సూరత్ తెలుగువాళ్లకు ఏండ్లు తాపి నది వరద నుంచే లెక్క; పెండ్లిళ్లు, చావులు, పురుళ్లు అన్నీ దానికి ముందో వెనకో ఉంటాయి. ఆ ఏడు దీపావళికి నెలన్నర ముందు, ఒక తెల్లవారుజామున, జమున పెనం మీద రొట్టె తిప్పుతూ ఫుకెట్ దీవి దగ్గర సముద్రం ఎన్ని గంటలకు వెనక్కి పోతుందో లెక్కేసుకుంటోంది. రొట్టె మాడింది.

"యాడున్నది నీ పానం?" అన్నాడు మల్లేష్, డబ్బా మూత నొక్కుతూ. పాండేసరలో బట్టలకు రంగులేసే మిల్లులో అతనిది పొద్దుటి పాళీ, అంటే తొలి షిఫ్టు. "మాడినయి నాకు, మంచియి మీ సేఠ్‌కా?"

ఆమె ప్రాణం నిజంగానే థాయ్‌లాండ్‌లో ఉంది. చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

సలాబత్‌పురాలో చీరల దుకాణాల పైన ఉన్న ఒక ట్రావెల్స్ ఆఫీసులో జమున ఆరేళ్లుగా పని చేస్తోంది. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా, ఆ తర్వాత గుజరాతీలో పది దాకా చదివింది. దీపావళికి బజారు మూసి వ్యాపారుల కుటుంబాలు దేశాలు తిరగడానికి పోతాయి. వాళ్లు ఎక్కడ దిగాలి, ఏ పడవ ఎక్కాలి, ఏ పూట ఏం తినాలి, అన్నీ ఆమే కాగితం మీద పేరుస్తుంది. ఆ కాగితం పట్టుకొని వాళ్లతో విమానం ఎక్కేది మాత్రం ఆఫీసు యజమాని సేఠ్ మేనల్లుడు. తిరిగొచ్చి ఒక చాక్లెట్ డబ్బా ఆమె బల్ల మీద పెడతాడు. ఆ ఆరేళ్లలో జమున చూసిన దేశాలన్నీ చాక్లెట్ రుచిగానే ఉన్నాయి.

ఈసారి వచ్చింది తొమ్మిదిమంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద భాగీరథిబేన్, యాభై ఆరేళ్ల మనిషి. ఫుకెట్‌లో నాలుగు రాత్రులు ఉండి, ఒక రోజు పొద్దున్నే పడవెక్కి అవతలి ఒడ్డున రైలే అనే చోటికి పోయి, అక్కడి నిట్టనిలువు రాళ్లను తాళ్లు కట్టుకొని ఎక్కి, పొద్దుగూకేసరికి మళ్లీ దీవికి రావాలని వాళ్ల కోరిక. సేఠ్ ఎదురుగా "వాహ్ బేన్!" అన్నాడు. వాళ్లు మెట్లు దిగగానే, "మన మెట్లెక్కడానికే రెండుచోట్ల ఆగారు, వీళ్లు రాళ్లెక్కుతారట" అని మేనల్లుడితో కలిసి నవ్వాడు.

జమున నవ్వలేదు. కాగితం పేర్చడం మొదలుపెట్టింది. నీళ్లు వెనక్కి పోయిన వేళ అక్కడ పడవ ఒడ్డు దాకా రాదు, బురదలో దూరం నడవాలి. డుమస్ సముద్రం దగ్గర చెప్పులు బురదలో పోగొట్టుకున్న మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే పోటు వేళకు పడవను జరిపింది. రాళ్లెక్కే బూట్ల కోసం తొమ్మిది జతల పాదాల కొలతలు రాసుకుంది. ఇద్దరు జైనులు, సూర్యాస్తమయం తర్వాత ముద్ద ముట్టరు, వాళ్ల డబ్బాలు పడవలోనే ఉండాలి. ముగ్గురికి మోకాళ్ల నొప్పి, వాళ్లకు చిన్న రాయి. ఆ రాళ్ల దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎంత దూరమని అక్కడివాళ్లకు మెయిల్ పెట్టి అడిగింది. ఆరేళ్లలో మేనల్లుడు ఎన్నడూ అడగని ప్రశ్న అది.

"తాడు ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది భాగీరథిబేన్.

"కింద ఒకరు నిలబడి పట్టుకోవాలి బేన్. పైకెక్కే మనిషి మీద నుంచి చూపు తిప్పకూడదట."

"అది మనకు అలవాటే. ఎక్కడమే కొత్త." ఆమె జమున ముఖంలోకి చూసింది. "నువ్వు రా మాతో. ఆ పిల్లాడొస్తే మేం ప్యాంట్లు వేసుకోలేం, కాళ్లు చాపుకోలేం. మీ సేఠ్‌తో నేను మాట్లాడతా."

మాట్లాడింది. సేఠ్ తల గోక్కొని సరేనన్నాడు. రెండేళ్ల కింద ఆఫీసులో అందరికీ తీసినప్పుడు జమునకూ ఒక పాస్‌పోర్టు వచ్చింది. చీరల కింద పెట్టెలో ఉంది, ఒక్క ముద్ర పడకుండా.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుంటే వరద గుర్తొచ్చింది. అప్పుడు తనకు పదమూడేళ్లు. నీళ్లు చుట్టుముట్టి రెండు రోజులు డాబా మీద ఉన్నారు. హెలికాప్టర్ వదిలిన తిండి పొట్లాలు పక్క ఇంటి నీళ్ల ట్యాంకు మీద పడితే, మగవాళ్లు నిచ్చెన గురించి మాట్లాడుకుంటుండగానే జమున పరికిణీ దోపి గొట్టం పట్టుకొని ఎక్కేసింది. పైనుంచి పొట్లాలు విసురుతుంటే గల్లీ అంతా భేష్ అంది. చేతులు గీసుకుపోయాయి, గుండె మాత్రం అంత తేలికగా మళ్లీ ఎన్నడూ లేదు. నీళ్లు తీసిన వారానికి అదే గొట్టం మీద చేయి వేస్తే అమ్మ వీపు మీద ఒకటి చరిచింది: "ఆడివిల్లవు, గోడలెక్కుడేందే?" ఆకలి వేళ ఎక్కొచ్చు, సరదాకు ఎక్కకూడదన్నమాట. ఆ తేడా ఆ పిల్లకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది గానీ ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. మల్లేష్ ముద్ద ఆపాడు.

"ఐదు రోజులా? దీపావళి సెలవులకా? మిల్లు బందుంటది, నేను ఇంట్లనే ఉంట. నాకు తిండి ఎవలు పెడ్తరు?"

పన్నెండేళ్ల కూతురు సంతోషి ఫక్కున నవ్వింది. "పప్పా, ఆప్ ఘర్ పే హై తో ఆప్ హీ బనాయియే నా!" ఇంట్లో ఉండేది మీరే కదా, మీరే వండండి అని.

"నువ్ నోర్మూసుకొని తిను. నేను పోవద్దంటలేను జమునా. ఇంటి సంగతి ఏందో చెప్పి పో అంటున్న. అయినా ఇంట్ల పనేముంటది? అన్నం కుక్కర్ వండుతది, బట్టలు మిషనుతుకుతది. వినోదను పిలుస్త, వచ్చి చూసుకుంటది."

ఏమీ లేని పనికి చెల్లెలు ఎందుకని జమున నోటి దాకా వచ్చింది. మింగింది. అత్త పోయి ఏండ్లయింది; మామ మొండయ్య తల వంచుకొని తింటున్నాడు. ముప్పై అయిదేళ్లు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద నిలబడి, వాటి మోతకు మాట పోగొట్టుకున్న మనిషి; రోజుకు నాలుగు మాటలు ఎక్కువ. సాంచా ఆపకుండా పాళీ మార్చుకునే అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. అక్కడ వచ్చేవాడు పది నిమిషాలు ముందే వచ్చి, నడుస్తున్న సాంచా పక్కన నిలబడి ఒకసారి దగ్గుతాడు. నిలబడి ఉన్నవాడు మాట లేకుండా జరుగుతాడు. ఈనాటికీ మొండయ్య ఎక్కడికి పోయినా పది నిమిషాలు ముందే పోతాడు, గుమ్మంలో దగ్గుతాడు.

మరునాడు ఆఫీసు నుంచి జమునే వినోదకు ఫోన్ చేసింది. ఆడబిడ్డ సూరత్ పక్కనే సచిన్ అనే ఊళ్లో ఉంటుంది, భర్తదీ మిల్లు పనే.

"అయ్యో, వస్త వదినె, ఎందుకు రాను?" అంది వినోద. తర్వాత చిన్నగా నవ్వింది. "ఈయన గూడ సెలవులల్ల ఇంట్లనే ఉంటడు. అత్త మంచం పట్టింది, లేవలేదు. నా ఇల్లు ఎవల చేతుల పెట్టి రావాల్నో జర నువ్వే చెప్పు. నీకు ప్లానులు ఏసుడు వచ్చు గద."

జమున ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుంది. తను కాలు బయట పెట్టాలంటే వినోద తన గడప దాటాలి. వినోద దాటాలంటే ఇంకో ఆడమనిషి. ఆ వరుసలో ఎక్కడా మగవాడి పేరు తగలదు.

"నువ్ రాకు వినోదా," అంది. "నేనే వేస్త ప్లాను."

సేఠ్‌ను అడిగి టికెట్ల వరుసలో పదో పేరు తనది రాయించింది. ఆ ఆదివారం మధ్యాహ్నం పాత క్యాలెండర్ వెనక వైపు తిప్పి, ఆఫీసు కాగితం ఎలా రాస్తుందో అలాగే రాయడానికి కూర్చుంది. ఐదుంబావుకు నల్లా నీళ్లు. నలభై నిమిషాలే వస్తుంది, డ్రమ్ముకు గుడ్డ కట్టి పట్టాలి, లేకుంటే నలకలు. ఆ తర్వాత పాలు. మామకు బీపీ గోళీ, తిన్నాక, ముందు కాదు. రాస్తూ పోతే ఒక నెల కాగితం చాలలేదు, మరొకటి చింపింది. ఆఫీసు కాగితంలో ప్రతి రోజూ ఒక వరుస ఉంటుంది: మధ్యాహ్నం మీ ఇష్టం, విశ్రాంతి. పర్యాటకులు దాన్ని చదవను కూడా చదవరు. దాన్ని ఎక్కడ రాయాలా అని జమున తన రోజంతా పైనుంచి కిందికి వెతికింది. కలం మూత పెట్టి, మళ్లీ తీసింది. అది రాయకుండానే వదిలేసి, ప్రతి పని పక్కన ఒక పేరు పెట్టింది: మల్లేష్, మామ, సంతోషి. చివరన ఆఫీసు అలవాటుగా, ఇందులో కలవనివి అని రాసి కింద ఒకటే మాట రాసింది: ఉప్పు డబ్బా ఎక్కడుందని నాకు ఫోను చేయడం.

గోడకు మేకు కొట్టి తగిలించింది. మల్లేష్ చదివి పకపకా నవ్వాడు.

"ఏందే ఇది? ఫుకెట్‌కు నువ్ పోతున్నవా, మేం పోతున్నమా?" కింది దాకా చదివేసరికి నవ్వు పోయింది. "మా నాయినతోని నీళ్లు పట్టిస్తవా? గల్లీల నవ్వరా?"

"నవ్వనీ. నవ్వేటోడు పొద్దుగాల ఐదింటికి లేస్తే గద చూసేది."

"వినోద వస్తదంటిని."

"రాదు. నేనే వద్దన్న. టికెట్ గూడ అయిపోయింది, నా పేరు మీద."

"నన్నడగకుంటనే?"

"అడిగిన. ఇంటి సంగతి ఏందో చెప్పి పో అంటివి. చెప్పిన. గోడకేసిన."

గొంతు పెంచలేదు. తన గొంతు అంత నిలకడగా ఉండడం ఆమెకే కొత్తగా అనిపించింది. మల్లేష్ చొక్కా వేసుకొని బయటికి పోయాడు.

మొండయ్య లేచి గోడ దగ్గరికి వచ్చాడు. ఆయన చదువు మూడో తరగతి. వేలు పెట్టి, ఒక్కో అక్షరం పెదవులతో నములుతూ, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివాడు. చాలాసేపు పట్టింది. జమున బియ్యం ఏరుతూ కూర్చుంది, తలెత్తలేదు. ఆయన వేలు కాగితం మీద నుంచి తీయకుండానే అన్నాడు:

"మీ అత్తకు రాసుడు రాకపాయె."

అంతే. పోయి తన మంచంలో కూర్చున్నాడు.

మరునాడు అలవాటు కొద్దీ ఐదు గంటలకే జమునకు మెలకువ వచ్చింది. నల్లాకు ఇంకా సమయం ఉంది, ప్రయాణానికి నెల పైనే ఉంది. కాగితం ఆ ఐదు రోజులకే. లేవబోయింది. గుమ్మం దగ్గర ఎవరో ఒకసారి దగ్గారు.

ఆమె చేయి దుప్పటి మీదే ఆగింది. మెల్లగా వెనక్కి వాలి, పక్కకు జరిగి, దుప్పటి భుజం దాకా లాక్కుంది. బయట నల్లా బుసకొట్టింది. గుడ్డ కట్టకుండానే నీళ్లు డ్రమ్ములో పడుతున్నాయి, ఆ చప్పుడు ఆమెకు తెలుసు. లేవలేదు. చెప్పడానికి నోరు తెరవలేదు. డ్రమ్ము నిండకముందే నల్లా కట్టేసిన కిర్రు వినిపించింది, నీళ్ల చప్పుడు ఆగింది. తడి పాదాలు లోపలికి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాయి. మొండయ్య కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కొని, మళ్లీ బయటికి పోయి, పట్టిన నీళ్లన్నీ పారబోసి, తీగ మీది గుడ్డ తీసి డ్రమ్ము మూతికి కట్టాడు.